దోస్త్‌లో నల్గొండలో చిన్న కాలేజీ వచ్చింది. చేర్పించొచ్చా? క్యాంపస్, హాస్టల్, నీళ్లు, టౌన్ గురించి తెలిసినవాళ్లు చెప్పండి

దేవరకొండ అన్న (సోమవారం, రాత్రి 9.12)

అందరికీ నమస్తే. మా చెల్లెకు దోస్త్ (డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లు) రెండో విడతలో నల్గొండలోని ఒక ప్రైవేట్ డిగ్రీ కాలేజీలో బీఎస్సీ లైఫ్ సైన్సెస్ సీటు వచ్చింది. కాలేజీ పేరు ఇక్కడ రాయను. చిన్నదే, టౌన్ చివర మూడంతస్తుల బిల్డింగు. వెబ్‌సైట్‌లో మాత్రం పచ్చగడ్డి, ఫౌంటెన్, కార్పొరేట్ ఆఫీసులాంటి లైబ్రరీ కనిపిస్తున్నాయి.

మా ఊరు దేవరకొండ అవతల. నేను హైదరాబాద్‌లో ప్రైవేట్ జాబ్ చేస్తా. కాలేజీ చూడ్డానికి ఒక్క రోజు లీవు దొరుకుతుంది, అంతే. ఇంట్లో తలో మాట అంటున్నారు. నాన్నేమో డిగ్రీ ఎక్కడ చదివినా ఒకటే అంటాడు. మామయ్య హైదరాబాద్ పంపమంటాడు. అమ్మకు ఫ్లోరైడ్ భయం, "పిల్లకు పెళ్లి కావాలి, పళ్లు పాడైతే ఎట్ల" అని ఒకటే పోరు. చెల్లె మాత్రం నల్గొండే కావాలంటోంది, ఇంటికి వారం వారం రావొచ్చని.

నాకు తెలియాల్సినవి: ల్యాబులు, లైబ్రరీ, హాస్టల్, నీళ్లు, రాకపోకలు. ఇంకా నేను అడగడం మర్చిపోయినవి ఏమైనా ఉంటే అవి కూడా.

పానగల్ కట్ట (సోమవారం, రాత్రి 9.40)

తమ్మీ, ముందు ఆ వెబ్‌సైట్ మూసెయ్. నల్గొండలో ఏ చిన్న ప్రైవేట్ కాలేజీలోనూ నేను ఫౌంటెన్ చూడలేదు. ఉన్నా అందులో నీళ్లు చూడలేదు.

టౌన్ గురించైతే భయపడేదేం లేదు. క్లాక్ టవర్ దగ్గర నిలబడితే టౌన్‌లో ఎక్కడికైనా షేర్ ఆటో దొరుకుతుంది. రామగిరి, ప్రకాశం బజార్ దిక్కు రాత్రి దాకా జనం తిరుగుతూనే ఉంటారు. ఆడపిల్లలు ట్యూషన్లకు, కోచింగ్‌లకు పోయి వస్తుంటారు. టౌన్ చివర కాలేజీలతోనే తిప్పలు. మెయిన్ రోడ్డు నుంచి లోపలికి అర కిలోమీటరు నడక ఉంటే సాయంత్రం ఆరు దాటాక ఆ దారి ఎట్లుందో చూసుకో. లైట్లు ఉన్నాయా, కుక్కలు ఉన్నాయా అని.

సికింద్రాబాద్ రిటర్న్ (సోమవారం, రాత్రి 10.05)

మీ మామయ్య చెప్పిందే కరెక్ట్ అన్నా. నేను నల్గొండలో ఇంటర్ చేసి హైదరాబాద్ పోయినవాణ్ని. అక్కడ డిగ్రీతో పాటు ఇంగ్లిష్ వస్తుంది, కంప్యూటర్ కోర్సు చేసుకోవచ్చు, పార్ట్ టైమ్ దొరుకుతుంది. ఇక్కడ మూడేళ్లు కూర్చుంటే చివరికి చేతిలో మెమో తప్ప ఏం మిగలదు.

ల్యాబ్ కోటు (సోమవారం, రాత్రి 10.51)

అన్నా, నేను నల్గొండలోనే ఒక చిన్న కాలేజీలో బీజెడ్‌సీ (బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) ఫైనలియర్. మీ చెల్లెకు వచ్చిన కాలేజీ అదో కాదో తెలియదు కానీ అన్నీ ఇంచుమించు ఒకే తీరు. అందుకే వివరంగా రాస్తున్నా.

మా దగ్గర లైబ్రరీ అంటే ఒక గది, గోడ పొడుగునా బీరువాలు, రెండు బల్లలు. తాళంచెవి అటెండర్ దగ్గర ఉంటుంది. ఆయన్ని బ్యాంకు పని మీద పంపిస్తే ఆ పూట లైబ్రరీ లేనట్టే. పుస్తకాలు ఎన్ని ఉన్నాయని అడిగితే వేలల్లో చెప్తారు. మీరు ఆ మాట అడగొద్దు, ఇష్యూ రిజిస్టర్ చూపించమనండి. చివరి పేజీలో చివరి తేదీ ఏదో చూడండి. మేం చేరిన కొత్తలో మా రిజిస్టర్‌లో అంతకు ముందు విద్యా సంవత్సరం తేదీయే ఆఖరుది.

ల్యాబుకు వస్తే మైక్రోస్కోపులు బల్ల మీద వరసగా పెట్టి ఉంటాయి, చూడ్డానికి బాగుంటాయి. ఒకదానికి కన్ను పెట్టి చూడండి. ఇక్కడ వానాకాలం తేమ ఆరకుండానే పెట్టెల్లో మూసి పెడతారు కాబట్టి లెన్సులకు ఫంగస్ పడుతుంది. సాలెగూడులా సన్న గీతలు కనిపిస్తాయి. ఫస్టియర్‌లో మా బ్యాచ్‌లో ఇద్దరు ఆ గీతల్నే పారామీషియం (ఏకకణ జీవి) ఒంటి మీది సన్న వెంట్రుకలు, అదే సీలియా అనుకుని రికార్డులో గీసేశారు, మేడమ్ సంతకం కూడా పెట్టేసింది. స్పెసిమన్ సీసాలు కూడా చూడండి. స్పెసిమన్లు పాడవకుండా పోసే ఫార్మలిన్ పసుపు రంగుకు తిరిగి, సీసాలో సగానికి దిగిపోయి ఉంటే ఏళ్ల తరబడి ఎవరూ మార్చలేదని లెక్క.

ఇంకోటి, అబ్బాయిలు అడగడం మర్చిపోయేది. అమ్మాయిల టాయిలెట్లు. ఎన్ని ఉన్నాయని కాదు, మధ్యాహ్నం రెండింటికి కుళాయిలో నీళ్లు వస్తున్నాయా అని. పొద్దున ట్యాంకు నింపుతారు, భోజనాల టైముకు ఖాళీ అవుతుంది. మళ్లీ మోటారు వేసే దిక్కుండదు. మా క్లాసులో సగం మంది అమ్మాయిలు కాలేజీలో ఉన్నంతసేపు నీళ్లు తాగరు. కారణం ఇదే. ఎండాకాలం సంగతి మీరే ఊహించుకోండి. మీరు లోపలికి పోయి చూడలేరు కాబట్టి చెల్లెను పంపండి, లేదంటే అక్కడి అమ్మాయిలను అడగమనండి.

ఇన్ని చెప్పినా, నేను చేరినందుకు బాధపడట్లేదు. మా బాటనీ మేడమ్ ఒక్కరి వల్ల. అరవై మంది పేర్లూ ఆమెకు తెలుసు.

దేవరకొండ అన్న (మంగళవారం, ఉదయం 7.20)

అక్కా, చాలా థాంక్స్. ఇష్యూ రిజిస్టర్ ముచ్చట నాకు అసలు తట్టేది కాదు. నీళ్ల సంగతి ఎవరైనా చెప్పండి, అమ్మ మళ్లీ అడిగింది.

రిటైర్డ్ కెమిస్ట్రీ (మంగళవారం, ఉదయం 8.35)

నీళ్ల సంగతి నేను చెప్తాను బాబూ. ఈ జిల్లాలో పాఠాలు చెప్తూనే నా ఉద్యోగం అయిపోయింది.

ముందు మీ అమ్మగారి భయం. ఫ్లోరైడ్ వల్ల పళ్లపై గార పట్టడం అనేది పళ్లు చిగురు లోపల తయారయ్యే వయసులో జరుగుతుంది. అంటే చిన్నతనంలో, ఇంచుమించు ఎనిమిదేళ్ల లోపు. పద్దెనిమిదేళ్ల అమ్మాయి మూడేళ్లు హాస్టల్‌లో ఉన్నంత మాత్రాన ఆమె పళ్లకు కొత్తగా మరకలు రావు. ఎముకల జబ్బు వేరే. అది ఎక్కువ ఫ్లోరైడ్ నీళ్లు ఏళ్ల తరబడి తాగితే వచ్చేది. మర్రిగూడ, బట్లపల్లి దిక్కు మనుషుల నడుములు వంగిపోయింది అట్లాగే. కాబట్టి భయం అక్కర్లేదు కానీ ఏ నీళ్లు తాగుతున్నామో తెలిసుండాలి.

మన ప్రమాణాల ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. నల్గొండ టౌన్‌కు కుళాయిల్లో ఇప్పుడు వచ్చేవి కృష్ణా నీళ్లు. సాగర్ వెనక నుంచి ఎత్తిపోసి, అక్కంపల్లి రిజర్వాయర్ మీదుగా పానగల్ ఉదయ సముద్రం చెరువుకు తెస్తారు. హైదరాబాద్ తాగే కృష్ణా నీళ్లు కూడా అదే అక్కంపల్లి నుంచి తీసుకుని కోదండాపూర్‌లో శుద్ధి చేసి పంపేవే. కాబట్టి నీళ్ల కోసం పిల్లను హైదరాబాద్ పంపాల్సిన పని లేదు.

తిరకాసు బోరు నీళ్లతో. కాలేజీలోగానీ హాస్టల్‌లోగానీ కుళాయికి మున్సిపల్ కనెక్షన్ ఉందా, బోరు ఉందా అని అడగండి. రెండూ ఒకే ట్యాంకులో కలుపుతున్నారా అన్నది అంతకంటే ముఖ్యం. చాలాచోట్ల కలుపుతారు. తాగడానికి ఆర్‌ఓ క్యాన్లు తెప్పిస్తే మంచిదే, కానీ వంట దేనితో చేస్తున్నారో చూడండి. కాచిన నీళ్లయితే ఫర్వాలేదని కొందరు అనుకుంటారు. కాచితే ఫ్లోరైడ్ పోదు, ఆవిరైన మేరకు చిక్కబడుతుంది.

బత్తాయి తోట (మంగళవారం, ఉదయం 9.02)

సార్, మా చిన్నప్పుడు పటిక, సున్నం కలిపి నీళ్లు తేర్చే పద్ధతి ఉండేది కదా. మన ఊరి పేరే పెట్టారని మా బడిలో గొప్పగా చెప్పేవారు.

రిటైర్డ్ కెమిస్ట్రీ (మంగళవారం, ఉదయం 9.30)

అవును, నల్గొండ టెక్నిక్ అంటారు. నాగ్‌పూర్‌లోని నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్లు 1970లలో తయారుచేసిన పద్ధతి. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి పది నిమిషాలు మెల్లగా తిప్పాలి. గంటసేపు కదపకుండా ఉంచితే పటిక మడ్డిలా మారి, ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుక్కు దిగుతుంది. పైన తేరిన నీళ్లు వంచుకోవాలి. కరెంటు అక్కర్లేదు, ఖర్చు తక్కువ. కష్టం ఎక్కడొచ్చిందంటే ఏ బావికి ఎంత పటిక అన్నది ఆ నీటిని బట్టి మారుతుంది, రోజూ ఒకరు శ్రద్ధగా చేయాలి, ఆ మడ్డి ఎక్కడ పారబోయాలో తెలియదు. అందుకే జనం వదిలేశారు. తరవాత 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ కట్టి మిషన్ భగీరథ మొదలుపెట్టారు. ఫ్లోరైడ్ లేని నది నీళ్లనే ఊళ్లకు తెచ్చారు.

ఈ సందర్భంలో దేవరకొండ అన్నకు ఒక సలహా. మీరు కాలేజీకి పోయినప్పుడు కెమిస్ట్రీ ల్యాబులో జిర్కోనియం, అలిజరిన్ ఉన్నాయా అని అడగండి. ఆ రెండింటి ద్రావణం గులాబీ రంగులో ఉంటుంది. ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు కలిపితే ఆ రంగు విరిగి పసుపుకు వస్తుంది. పెద్ద యంత్రమేదీ అక్కర్లేని పరీక్ష. నేను పనిచేసిన రోజుల్లో పిల్లల్ని శనివారం ఇంటికి పోయేటప్పుడు ఖాళీ సీసా తీసుకుపొమ్మనేవాణ్ని. గాజు సీసా కాదు, ప్లాస్టిక్‌ది. సోమవారం ఎవరి ఊరి బోరు నీళ్లు వాళ్లు తెచ్చేవాళ్లు. ఒక తరగతిలో ముప్పై ఊళ్ల నీళ్లు బల్ల మీద వరసగా ఉండేవి. తమ ఇంటి నీళ్లు పసుపుపచ్చగా మారుతుంటే పిల్లలు చూసే చూపు వేరు. ఆ రోజు ఎవరినీ నోట్సు రాసుకోమని చెప్పే పనిలేదు.

హైదరాబాద్‌లో పెద్ద కాలేజీకి పెద్ద ల్యాబు ఉండొచ్చు. ఈ సీసాలు మాత్రం ఇక్కడి పిల్లలే తేగలరు. లైఫ్ సైన్సెస్ చదివే అమ్మాయికి ఈ జిల్లా కంటే మంచి ల్యాబు దొరకదని నా అభిప్రాయం. చెప్పే లెక్చరర్ ఉంటేనే అనుకోండి.

సికింద్రాబాద్ రిటర్న్ (మంగళవారం, ఉదయం 10.10)

సార్, మీలాంటి లెక్చరర్లు ఇప్పుడెక్కడున్నారు? సగం కాలేజీల్లో ఫ్యాకల్టీ లిస్టులో ఒక పేరు, క్లాసులో ఇంకో మనిషి. సెమిస్టర్ మధ్యలో జీతం రాక మానేసి పోతారు. నేను అదే అంటున్నా.

రిటైర్డ్ కెమిస్ట్రీ (మంగళవారం, ఉదయం 10.22)

ఆ మాట కాదనను. అందుకే ఎవరినైనా అడగాల్సిన మొదటి ప్రశ్న "పోయినేడు ఈ సబ్జెక్టు చెప్పినవాళ్లు ఈ ఏడూ ఉన్నారా" అని. ఆఫీసులో కాదు, సెకండియర్ పిల్లల్ని అడగాలి.

చిట్యాల బస్సు (మంగళవారం, మధ్యాహ్నం 1.15)

రాకపోకల గురించి నేను రాస్తా, రోజూ తిరిగేదాన్ని.

2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి కింద ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో జీరో టికెట్. ఆధార్ దగ్గర పెట్టుకోవాలి, తెలంగాణ అడ్రస్ ఉండాలి. డీలక్స్, సూపర్ లగ్జరీల్లో చెల్లదు. దీంతో మా కాలేజీలో హాస్టల్ అమ్మాయిల్లో చాలామంది ఖాళీ చేసి ఇంటి నుంచే వస్తున్నారు. హాస్టల్ ఖర్చు మిగిలింది, నిజమే. కానీ దేవరకొండ నుంచి నల్గొండ దగ్గరదగ్గర 60 కిలోమీటర్లు. మీ ఊరు ఇంకా అవతల అంటున్నారు. పోను రాను రోజుకు నాలుగు గంటలు బస్సులోనే పోతుంది. అందులో సగం నిలబడే. ఫ్రీ కదా అని రోజూ తిప్పొద్దు అన్నా. హాస్టల్‌లో ఉంచి శనివారం ఇంటికి తెచ్చుకోండి.

ఇంకో సంగతి. కాలేజీ టౌన్ చివర ఉంటే, గేటు దగ్గర స్టాప్ ఉన్నా సాయంత్రం బస్సు ఆగదు. బస్టాండ్ నుంచే నిండి వస్తుంది, డ్రైవరు చెయ్యి ఊపి పోతాడు. మా బ్యాచ్ అమ్మాయిలు ఎదురు దిక్కుకు ఆటోలో బస్టాండ్ దాకా పోయి అక్కడ సీటు పట్టుకుని, మళ్లీ కాలేజీ ముందు నుంచే ఇంటికి పోతారు. ఫ్రీ బస్సుకు ఆటో ఖర్చు!

పానగల్ కట్ట (మంగళవారం, మధ్యాహ్నం 1.40)

😂 ఆటో ఖర్చు మాట మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం.

రైలు కూడా ఉంది. ఫలక్‌నుమా, నారాయణాద్రి లాంటివి మన స్టేషన్ మీదుగానే పోతాయి. తిరుపతికి, గుంటూరు దిక్కుకు పనికొస్తాయి. కానీ సింగిల్ లైను, ఎదురు బండి వస్తే ఆపేస్తారు. బీబీనగర్, గుంటూరు మధ్య రెండో లైనుకు 2023లో కేంద్రం ఒప్పుకుంది. అది పూర్తయితే కథ మారుతుంది. అప్పటిదాకా హైదరాబాద్‌కు నార్కట్‌పల్లి మీదుగా బస్సే దిక్కు.

బత్తాయి తోట (మంగళవారం, సాయంత్రం 6.30)

తండ్రిగా నా అనుభవం రాస్తున్నా, ఎవరినీ భయపెట్టడానికి కాదు.

మావాడు ఇక్కడే ఒక ప్రైవేట్ కాలేజీలో డిగ్రీ చేశాడు. చేరేటప్పుడు "ఒక్క రూపాయి కట్టొద్దు, అంతా ఫీజు రీయింబర్స్‌మెంటే" అన్నారు. మూడేళ్లయ్యాక టీసీ, మెమోల కోసం పోతే "గవర్నమెంటు నుంచి ఇంకా డబ్బులు రాలేదు, మీరు కట్టండి, వాళ్లు వేసినప్పుడు మీకు తిరిగిస్తాం" అన్నారు. పీజీ అడ్మిషన్ గడువు దగ్గర పడింది. బత్తాయి కాపు అమ్మి కట్టాను. అప్పుడు తోటలో రేటు కూడా లేదు. ఆ డబ్బు తిరిగి రాలేదు.

కాబట్టి చేరే రోజే అడగండి: రీయింబర్స్‌మెంటు రాకపోతే సర్టిఫికెట్లు ఆపుతారా అని. నోటితో చెప్తే నమ్మొద్దు.

రిటైర్డ్ కెమిస్ట్రీ (మంగళవారం, సాయంత్రం 7.05)

ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ తన దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే ఉత్తర్వు ఇచ్చింది. చేరేటప్పుడు చూసుకుని తిరిగి ఇచ్చేయాలి. కౌంటర్ దగ్గర ఈ మాట అంటే ఎవరూ వినరు. రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. ఇవ్వకపోతే దాని నకలుతో యూనివర్సిటీకి రాయాలి. ఇక్కడి డిగ్రీ కాలేజీలు మహాత్మాగాంధీ యూనివర్సిటీ కిందికి వస్తాయి. కాగితం మీద తేదీ, సంతకం ఉంటే చాలా పనులు వాటంతట అవే కదులుతాయి.

ఈపాస్‌లో (స్కాలర్‌షిప్, ఫీజు రీయింబర్స్‌మెంటు వెబ్‌సైట్) దరఖాస్తు పెట్టాక అటెండెన్స్ 75 శాతం తగ్గకుండా చూసుకోవడం కూడా అమ్మాయికి గట్టిగా చెప్పండి. అది తగ్గితే కాలేజీని తప్పు పట్టడానికి ఉండదు.

1600 మీటర్లు (మంగళవారం, రాత్రి 9.48)

గ్రౌండ్ గురించి ఎవరూ రాయలేదు. మాది కూడా గ్రౌండ్ లేని కాలేజీ. స్పోర్ట్స్ రూమ్‌లో ఒక క్యారమ్ బోర్డు, గాలి లేని వాలీబాల్. కానీ టౌన్‌లో మేకల అభినవ్ స్టేడియం ఉంది, ఎన్‌జీ (నాగార్జున ప్రభుత్వ) కాలేజీ గ్రౌండ్ ఉంది. తెల్లారి ఐదున్నరకు పోతే సగం మంది కానిస్టేబుల్‌కు ప్రిపేర్ అయ్యేవాళ్లే. మగవాళ్లకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో. అక్కడ పరిచయం లేనివాళ్లు కూడా వాచీ పట్టుకుని "అన్నా, ఇంకో ఇరవై సెకన్లు తగ్గాలె" అని అరుస్తారు. కాలేజీలో లేనిదంతా ఊళ్లో ఉంది. తెల్లారి లేవడమే మన పని.

ఎన్‌జీ గ్రౌండ్‌లో మీటింగు ఉన్న రోజు మాత్రం పోకండి, కంకర, కర్రలు, కుర్చీలు అన్నీ అక్కడే.

నీలగిరి పాఠకుడు (మంగళవారం, రాత్రి 10.30)

లైబ్రరీ గురించి కూడా అదే మాట. కాలేజీ లైబ్రరీ నాలుగింటికి మూస్తే జిల్లా కేంద్ర గ్రంథాలయానికి పొండి. అది ఎవరి దయా కాదు. మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు ఉంటుంది, దాంతోనే నడుస్తుంది. అన్ని పేపర్లూ వస్తాయి, పోటీ పరీక్షల పుస్తకాలు ఉంటాయి. మధ్యాహ్నం ఖాళీగా కనిపిస్తుంది కానీ గ్రూప్స్ నోటిఫికేషన్ పడితే కుర్చీ కోసం పొద్దున్నే కర్చీఫ్ వేసుకోవాలి.

ఈ ఊరికి చదువు కొత్తేం కాదు. నిజాం కాలంలో తెలుగు అచ్చు కనిపించడమే గగనమైన రోజుల్లో, 1922లో, షబ్నవీసు వెంకటరామ నరసింహారావు గారు ఇక్కడి నుంచి నీలగిరి పత్రిక నడిపారు. డిగ్రీ చదివే పిల్లల్లో ఎంతమందికి తెలుసో. మన దగ్గర ఏ కాలేజీ గోడ మీద చూసినా ఐన్‌స్టీన్ బొమ్మే.

మిర్యాలగూడ రైస్ (బుధవారం, ఉదయం 8.15)

ఛాయా సోమేశ్వర ఆలయం కూడా చూపించండి అన్నా మీ చెల్లెకు. పానగల్‌లోనే. గర్భగుడిలో లింగం వెనక రోజంతా కదలకుండా స్తంభం నీడ ఉంటది. సూర్యుడు ఎటు తిరిగినా నీడ తిరగదు. సైన్సుకు కూడా అంతు చిక్కలేదు అంటారు.

ల్యాబ్ కోటు (బుధవారం, ఉదయం 8.40)

అంతు చిక్కింది అన్నా 🙂 మా ఫిజిక్స్ సార్ థర్మాకోల్‌తో నమూనా చేసి టార్చ్ లైటు వేసి చూపించారు. ఎండ నేరుగా గర్భగుడిలో పడదు. మూడు గర్భగుళ్లు ఒకే మండపం చుట్టూ ఉన్నాయి కదా, పక్కల నుంచి వచ్చిన వెలుతురు స్తంభాల సందుల్లోంచి లోపలి గోడ మీద పడుతుంది. వెలుతురు అందని ఆ నడిమి పట్టీయే మనకు నీడగా కనిపిస్తుంది. సూర్యుడు ఎటున్నా వెలుతురు వచ్చే దారులు మారవు కాబట్టి నీడా మారదు. కుందూరు చోడుల నాటి వాళ్లు స్తంభాలను అంత లెక్కగా నిలబెట్టడమే నాకు ఎక్కువ ఆశ్చర్యం.

మిర్యాలగూడ రైస్ (బుధవారం, ఉదయం 8.52)

దేవుడి మహిమ అనుకుంటే మీకేం పోయింది చెల్లె.

మోడరేటర్ (బుధవారం, ఉదయం 9.00)

నీడ చర్చ ఇక్కడితో ఆపండి. కావాలంటే వేరే పోస్టు పెట్టుకోండి. అడిగినాయన కాలేజీ గురించి అడిగారు.

చిట్యాల బస్సు (బుధవారం, మధ్యాహ్నం 12.20)

హాస్టల్ గురించి రెండు మాటలు. ఎస్సీ, ఎస్టీ, బీసీ పిల్లలకు గవర్నమెంటు కాలేజ్ హాస్టళ్లు ఉన్నాయి. ఇంటర్ నుంచి పీజీ దాకా మెస్ ఛార్జీలు నెలకు 1500 నుంచి 2100కు పెంచారు 2024లో. సీటు వస్తే వదులుకోవద్దు, ముందే దరఖాస్తు పెట్టండి. ప్రైవేట్ హాస్టల్ అయితే రూము కాదు, ముందు వంటగది చూడండి. కూర చూడక్కర్లేదు, పప్పు గిన్నె చూస్తే చాలు. గరిటె వేసి తిప్పితే అడుగున పప్పు తగలాలి. మా పాత హాస్టల్‌లో గరిటె ఎక్కడా ఆగేది కాదు.

పానగల్ కట్ట (బుధవారం, మధ్యాహ్నం 12.45)

ఎండల మాట కూడా చెప్పండి. సెమిస్టర్ పరీక్షలు జరిగి జరిగి మేలో పడితే మన దగ్గర 44, 45 డిగ్రీలు. పైఅంతస్తు మీద రేకుల షెడ్డు వేసి అందులో ఎగ్జామ్ హాల్ పెట్టే కాలేజీలు ఉన్నాయి. ఫ్యాన్ వేస్తే పేపరు ఎగురుతుంది, తీసేస్తే చెమట పడి ఇంకు పాకుతుంది. మూడో అంతస్తు ఎక్కి చూసి రా తమ్మీ.

దేవరకొండ అన్న (శుక్రవారం, రాత్రి 9.25)

నిన్న చెల్లెను తీసుకుని పోయి వచ్చా. మీరంతా చెప్పినవి ఫోన్‌లో రాసుకుని పోయా. ఆఫీసు క్లర్క్ నన్ను ఇన్‌స్పెక్షన్ మనిషిని అనుకున్నట్టుంది, కూల్ డ్రింక్ తెప్పించాడు.

ఫౌంటెన్ ఉంది. పక్కన ఉన్న ఫంక్షన్ హాల్‌లో. ఫొటో గోడ మీద నుంచి తీశారు.

లైబ్రరీ రిజిస్టర్‌లో చివరి ఎంట్రీ ఈ ఏప్రిల్‌దే, అది పర్లేదు. పుస్తకాలు మాత్రం పాత సిలబస్‌వి ఎక్కువ. మైక్రోస్కోపుల్లో నేను చూసిన వాటిలో రెండు బాగున్నాయి, ఒకదాంట్లో మీరు చెప్పిన సాలెగూడు ఉంది. ఫార్మలిన్ సీసాలు తేటగానే ఉన్నాయి. పైన షెడ్డు ఉంది కానీ అందులో పాత బెంచీలు వేశారు, పరీక్షలు కింది హాళ్లలో పెడతారట. టాయిలెట్ల సంగతి చెల్లె కనుక్కుంది: మధ్యాహ్నం నీళ్లు ఉన్నాయి, గడియ మాత్రం ఒక్క తలుపుకే ఉందట. ప్రిన్సిపాల్‌కు చెప్పా, రాసుకున్నాడు. పెట్టిస్తాడో లేదో చూడాలి.

కుళాయి గురించి అడిగితే బోరూ, మున్సిపల్ నీళ్లూ ఒకే ట్యాంకు అని వాచ్‌మన్ చెప్పాడు, ఆఫీసులో మాత్రం మున్సిపలే అన్నారు. తాగడానికి క్యాన్లు ఉన్నాయి.

సార్ చెప్పినట్టు అలిజరిన్ ఉందా అని అడిగా. కెమిస్ట్రీ మేడమ్ నా మొహం చూసి "మీరు ఏ కాలేజీ?" అంది. బీరువా తీసి చూపించింది. సీసా ఉంది, సీల్ కూడా తీసి వాడినట్టుంది. పోయినేడు పిల్లలతో నీటి పరీక్షల ప్రాజెక్టు చేయించిందట. నాలుగేళ్లుగా అక్కడే చెప్తోందని సెకండియర్ పిల్లలు కూడా చెప్పారు. చెల్లె ఆమెతో పావుగంట మాట్లాడింది. బయటికి వచ్చాక మళ్లీ హైదరాబాద్ ఊసే ఎత్తలేదు, మామయ్య ఫోన్ కూడా నన్నే ఎత్తమంది.

సర్టిఫికెట్ల గురించి కాగితం మీద రాసివ్వమన్నా. ఇవ్వలేదు. ఒరిజినల్స్ మాత్రం చూసి తిరిగి ఇచ్చేశారు, జిరాక్స్‌లు పెట్టుకున్నారు. దాంతో సర్దుకుని దోస్త్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేసి సీటు ఖాయం చేసుకున్నాం.

సికింద్రాబాద్ రిటర్న్ (శుక్రవారం, రాత్రి 9.50)

సరే అన్నా, ఆల్ ద బెస్ట్. నా మాట మీద నేనున్నా. థర్డియర్‌కు వచ్చేసరికి ఇంగ్లిష్, కంప్యూటర్ ఏదో ఒకటి బయట నేర్పించు, కాలేజీ మీద వదిలేయకు.

రిటైర్డ్ కెమిస్ట్రీ (శుక్రవారం, రాత్రి 10.02)

ఆ మేడమ్‌కు నా నమస్కారం చెప్పండి. హాస్టల్ చేరిన మొదటి వారంలోనే అమ్మాయిని వంటగది కుళాయి నీళ్లు ఒక సీసాలో పట్టి ల్యాబుకు తీసుకుపొమ్మనండి. మీ ఊరి బోరుది కూడా.

ల్యాబ్ కోటు (శుక్రవారం, రాత్రి 10.15)

అన్నా, ప్రాక్టికల్ రికార్డులు, డిసెక్షన్ బాక్స్ కాలేజీ కౌంటర్‌లో కొనొద్దు. ప్రకాశం బజార్‌లో తక్కువకు వస్తాయి. ఏప్రన్ మాత్రం కాటన్‌దే కుట్టించండి, రెడీమేడ్ పాలిస్టర్‌ది స్పిరిట్ ల్యాంప్ దగ్గర ప్రమాదం. నా ఫస్టియర్ నోట్సు ఉన్నాయి, చెల్లెకు కావాలంటే మెసేజ్ పెట్టమనండి.

దేవరకొండ అన్న (శుక్రవారం, రాత్రి 10.20)

పెట్టమంటా అక్కా. హాస్టల్ ఇంకా దొరకలేదు, ఆదివారం మళ్లీ వస్తున్నాం. దేవరకొండ రోడ్డు దిక్కు అమ్మాయిల హాస్టల్ తెలిసినవాళ్లు ఉంటే చెప్పండి. పప్పు గిన్నె చూసే చేరతాం.